గంజాయి నారు, సర్కారు ఖజానా

తులసివనంలో గంజాయి మొక్క అని మనవాళ్లకు ఒక సామెత ఉంది. మంచివాళ్ల మధ్య మొలిచిన చెడ్డవాడని దాని భావం. సామెత సంగతి సరే; చరిత్ర వ్రాసేవారికి కూడా ఆ మొక్క ముట్టరానిదైపోవడం మాత్రం నాకు మింగుడుపడదు. నీలిమందును గూర్చి వ్రాశాము, నల్లమందును గూర్చి వ్రాశాము, ఉప్పు మాట చెప్పనే అక్కరలేదు. గంజాయి పేరెత్తేసరికి అభ్యుదయవాది కూడా ముక్కు మూసుకుంటాడు. మత్తును మెచ్చుకొమ్మని నేననడం లేదు. ఆ పంట పండించిన చేతులెవరివి, దాని లాభం ఏ ఖజానాకు పోయింది అని అడగడం చరిత్రకారుడి పని కాదా?

ఆ ప్రశ్నను నారుమడి దగ్గరనుంచే మొదలుపెడతాను.

పంతొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో బెంగాలుకు గంజాయి సరఫరా చేసిన ముఖ్యమైన నేల నౌగావ్ ప్రాంతం. అది రాజషాహీ జిల్లాలోనిది, నేడు బంగ్లాదేశ్‌లో ఉంది. దినాజ్‌పూర్, బొగ్రా జిల్లాల అంచులు కూడా అందులో కలిసేవి. హేమచంద్ర కెర్ అనే బెంగాలీ డిప్యూటీ కలెక్టరు 1877లోను, డేవిడ్ ప్రెయిన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1893లోను ఆ సాగును పరిశీలించి సర్కారుకు నివేదికలు సమర్పించారు. వాటిని వ్రాయించింది పన్ను వేసే ప్రభుత్వమే. అయినా ఆ పుటల సందుల్లోంచి రైతు మనకు కనిపిస్తాడు.

నీరు నిలవని మెరక నేల ఏరుకుని, పదేపదే దున్ని, గడ్డలన్నీ పొడిచేసి, ఆగస్టు నెలలో విత్తనం చల్లేవారు. పైన వానాకాలం. మడిలో నీరు నిలిచిందా, లేత మొక్క కుళ్లిపోతుంది. గుంటూరు వైపు పొగాకు నారుమళ్ల దగ్గర కాపలా కాసినవారికి ఈ ఆందోళన నేను వివరించనక్కరలేదు. మొక్క జానెడెత్తు దాటిన తర్వాత, సెప్టెంబరులో, పీకి పొలంలో నాటేవారు. ఆ పొలాన్ని బోదెలు తీసి, పేడ, తెలకపిండి వేసి, కలుపు తీస్తూ కన్నబిడ్డలా సాకేవారు. పెట్టుబడి పెద్దది, చాకిరీ అంతకంటె పెద్దది.

నవంబరు వచ్చేసరికి పొలంలోకి ఒక ప్రత్యేకమైన మనిషి దిగేవాడు. అతన్ని పోద్దార్ అనేవారు. గంజాయిలో పోతుమొక్క వేరు, ఆడమొక్క వేరు. పోతుమొక్క పుప్పొడి తగిలితే ఆడమొక్క గింజ కడుతుంది. గింజ కడితే సరుకుకు విలువనిచ్చే జిగురు తగ్గిపోతుంది. అందుచేత పూత విచ్చకముందే, ఆకు తీరునుబట్టి, కణుపుల దగ్గరి మొగ్గనుబట్టి పోతును గుర్తించి పెరికెయ్యాలి. ఇందులో పోద్దార్ చూపు అసాధారణమైనది. ఒక్క మొక్క అతని కన్నుగప్పినా చుట్టుపక్కల పంట పాడవుతుంది. సర్కారు పత్రాల్లో అతనికి ‘గంజాయి డాక్టరు’ అని పేరు పెట్టారు, కాస్త వేళాకోళంగానే అనిపిస్తుంది నాకు. ఏ వ్యవసాయ కళాశాలా నేర్పని విద్య అది. తరతరాల పరిశీలన నుంచి పుట్టిన శాస్త్రజ్ఞానమని దాన్ని ఒప్పుకోవడానికి మనం సిగ్గుపడనక్కరలేదు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోత. కొమ్మలను పరచి కాళ్లతో తొక్కి చదును చేస్తే చపట గంజాయి, చుడితే గుండ్రటి గంజాయి. ఇంతవరకూ శ్రమ అంతా రైతుదే, కూలివాడిదే.

ఇక సర్కారు చేసినదేమిటి? మత్తుపదార్థాల తయారీకి, అమ్మకానికి లైసెన్సు కావాలని బెంగాలులో 1793లోనే నిబంధన పెట్టారు. క్రమంగా ఆ చెయ్యి అంగడి దగ్గరనుంచి పొలందాకా చాచుకుంది. విత్తనం వేసే రైతుకు లైసెన్సు, పొలానికి కొలత, పంటకు అంచనా. సరుకు పోవలసింది లైసెన్సున్న టోకు వర్తకుడి దగ్గరికి మాత్రమే. గోదాము దాటాలంటే సుంకం చీటీ ఉండాలి. సేరుకు రైతు చేతికొచ్చే ధర కంటె సేరు మీద సుంకం పలు రెట్లు ఎక్కువ. విక్టోరియా రాణిగారి నీతిమంతమైన ప్రభుత్వం మత్తును ద్వేషించలేదు; లెక్కకు రాని మత్తును ద్వేషించింది.

దీనికి సాక్ష్యం ప్రభుత్వ నివేదికలోనే ఉంది. 1893 మార్చిలో కెయిన్ అనే మద్యపాన నిషేధవాది బ్రిటిష్ కామన్స్ సభలో ప్రశ్న లేవదీశాడు. ఆ ఏడు జూలైలో మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన ఏడుగురు సభ్యులతో కమిషన్ వేశారు. ముగ్గురు భారతీయులు, ఒకరు తాహిర్‌పూర్ రాజా, మరొకరు కపుర్తలా రాజకుటుంబీకుడు. గంజాయి త్రాగే సన్యాసులు, ఫకీర్లు, కూలీలను గూర్చి తీర్పు చెప్పడానికి రాజాలే దొరికారన్నమాట! 1,193 మంది సాక్షులను విచారించి, మూడు వేలకు పైబడిన పుటల నివేదికను 1894లో ఇచ్చారు. అయినా దాన్ని తీసిపారెయ్యడం అన్యాయం. పిచ్చాసుపత్రుల రిజిస్టర్లలో ‘గంజాయి వల్ల పిచ్చి’ అని వ్రాసిన పద్దులను ఒక్కొక్కటిగా తిరగేసి, అందులో చాలావాటికి ఆధారం లేదని తేల్చారు. రోగిని తెచ్చిన పోలీసు ఏదో ఒక కారణం చెప్పాలి గనుక గంజాయి అని చెప్పేవాడు. మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదు, మితిమీరితే ఉంది, సంపూర్ణ నిషేధం అవసరమూ కాదు, మంచిదీ కాదు అని కమిషన్ నిర్ణయించింది.

విద్యార్థులు సాధారణంగా ఇంతవరకే చదివి సంబరపడతారు. నా దృష్టిలో అసలు సంగతి ఆ తర్వాతి సిఫారసుల్లో ఉంది: తగినంత పన్ను వెయ్యాలి, లైసెన్సు లేని సాగును నిషేధించాలి, సాగునంతా కొద్ది చోట్లకు చేర్చాలి. పెరట్లో, గుడిసె వెనుక, తన చిలుముకోసం తాను రెండు మొక్కలు పెంచుకునే బీదవాడున్నాడే, ఆ సిఫారసుల దెబ్బ అతనికి తగిలింది. వంద బిఘాల్లో పండే పంటకు మర్యాద దక్కింది. రెండు మొక్కలు నేరమయ్యాయి.

మన తెలుగుదేశం ఇందుకు దూరంగా లేదు. మద్రాసు రాజధానిలో గంజాయి సాగుకు పేరుపడ్డ రెండు చోట్లలో ఒకటి నాటి కృష్ణాజిల్లా బాపట్ల తాలూకాలోని దగ్గుబాడు. రెండోది ఉత్తర ఆర్కాటులోని సంతవాసల్. పెరటి మొక్క మీద పడిన చూపే అంతకుముందు కల్లు మీద పడింది. రంపలో ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద చిగురుపన్ను వేసి, ఆబ్కారీ కంట్రాక్టర్లను పంపినందుకు 1879లో కొండ ప్రజలు తిరగబడ్డారు. చెట్టు మనది, దాని రసం సర్కారుదెట్లా అయిందని వాళ్లడిగిన ప్రశ్నకు తుపాకులతో జవాబు చెప్పారు.

నౌగావ్ రైతులు మరో మార్గం తొక్కారు. 1917లో గంజాయి రైతుల సహకార సంఘం ఏర్పడింది. సుంకం సర్కారుకు పోతూనే ఉన్నా, నడుమ దళారీ తినే భాగంలో కొంత బడులుగా, వైద్యశాలలుగా, బాటలుగా మారింది. ఇది విప్లవం కాదు. కాని పంట అదే అయినా, దాని వెనుక మనుషుల సంబంధాలు మారితే ఫలితం ఎట్లా మారుతుందో అది చూపింది. అక్కడ సాగు 1987లో ఆగిపోయింది.

మనదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం ఈ మొక్క పెంచితే పదేళ్ల వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల వరకు జుల్మానా. వట్టి ఆకు మాత్రం గంజాయి నిర్వచనంలోకి రాదు గనుక ఉత్తరాదిలో లైసెన్సు భంగు దుకాణాలు సాగుతూనే ఉన్నాయి. జర్మనీలో 2024 ఏప్రిల్ నుంచి వయోజనుడెవరైనా సొంతానికి మూడు మొక్కలు పెంచుకోవచ్చు. అక్కడ కొత్తగా మొదలుపెట్టిన ఉద్యోగి వసారాలో కుండీలో గింజ వేసి, మొలక నిలదొక్కుకున్నాక ఎండలోకి మార్చి, దాన్ని వినోదమంటాడు. ఇక్కడ విశాఖ మన్యంలో 2021 శీతకాలంలో, ఆపరేషన్ పరివర్తన పేరుతో, 7,500 ఎకరాలకు పైగా తోటలు నరికామని పోలీసుశాఖ ప్రకటించింది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. ఆ కొండలే ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా.

ఆ మన్యంలో విత్తనానికి, ఎరువుకు అడ్వాన్సు ఇచ్చేవాడు పైనుంచి వచ్చిన వర్తకుడు. భూమి గిరిజనుడిది, మూట మోసే భుజమూ అతనిదే, కేసు కాగితం మీద పేరూ అతనిదే. విశాఖ కోర్టుల్లో ఆ కాగితాలు గుట్టలుగా పడి ఉన్నాయి. నౌగావ్‌ను గూర్చి కెర్ సర్కారు కోసం చేసిన పనిని మన విద్యార్థులెవరైనా మన్యపు రైతు కోసం చెయ్యాలి: ఒక్కొక్క కేసు తీసి, నారు ఎవరు పోశారు, పెట్టుబడి ఎవరు పెట్టారు, సరుకు ఏ ఊరు చేరింది, శిక్ష ఎవరికి పడింది అని వ్రాసిపెట్టాలి.