కొండయు చెరువును

ముదిగుబ్బ రైలుస్టేషనులో దిగి చుట్టును చూచువారికి మొదట కనబడునవి ఎఱ్ఱనేలలు, బోడికొండలు. ఈ సీమలో ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియును. అదియును నెలనెలకు సమముగా రాదు. కొలది దినములలో కుండపోతగా కురిసి వెళ్లిపోవును. కొండపై చెట్టు, గడ్డి యున్నయెడల ఆ నీరు మెల్లగా దిగి వాగు కొన్ని నెలలు పాఱును. లేనియెడల ఒక పూట పొంగి, మఱునాటికి ఇసుక మిగులును. కదిరి మీదుగా వచ్చు మద్దిలేరును, అది చేరు చిత్రావతియును, చిత్రావతి కలియు పెన్నయును ఈ తీరుననే పెరిగి తఱుగును.

ఈ సంగతి మన పూర్వులకు తెలియనిది కాదు. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువును మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు కట్టించెను. 1369లో వేయించిన దాని శాసనమును చదివినచో నేటి ఇంజనీర్లకును ముచ్చట కలుగును. దినమునకు వేయిమంది కూలీలు, నూఱు బండ్లు రెండేండ్లు పనిచేసెనట. మంచి చెరువునకు పండ్రెండు సాధనము లుండవలెనని అందు చెప్పబడినది: ధర్మపరుడైన రాజు, జలశాస్త్రవేత్త, గట్టినేల, తీయనీటి నది, కొండ, మంచి రాతిగని, పనినేర్చిన జనము మొదలగునవి. దోషము లాఱు: కట్ట ఊరుట, చవిటినేల, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై పొలము హెచ్చగుట, పొలము తక్కువై నీరు హెచ్చగుట. ఆఱవది వింతయైనది: రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుట. ఇది మంటికిగాని రాతికిగాని సంబంధించిన దోషము కాదు, మనుష్యులది. నాకు శాసనమంతటిలో ఈ మాటయే మిక్కిలి లోతైనదిగా తోచును.

1800లో నిజాము ఈ సీమను కుంపిణీ కిచ్చినందున దీనికి దత్తమండలమని పేరు వచ్చినది. 1807 వఱకు ఇచట కలెక్టరుగా నుండిన మన్రో, చెరువు కట్టదగిన చోటులన్నిటను జనులు మునుపే కట్టియున్నారనియు, క్రొత్తవాటికి తావు దొరకుట దుర్లభమనియు వ్రాసెను. వానిని నిలిపినది దశబంధ ఇనాము. చెరువును బాగుచేయు బాధ్యతకు బదులుగా అనుభవించు భూమి యది. పూడిక తీయుటకును, గండి పూడ్చుటకును ఊరివారి కుడిమరామతు తోడుగా నుండెను.

1876–78 నాటి ధాత కరవు ఈ సీమను క్రుంగదీసెను. పిమ్మట 1882లో రెండు మార్పులు వచ్చినవి. బళ్లారి నుండి విడదీసి అనంతపురము జిల్లా నేర్పఱచిరి. అదే యేట మద్రాసు అటవీచట్టము వచ్చి, కొండలపై రిజర్వు గీతలు పడెను. అడవులు తఱిగిపోవుచుండగా వానిని కాపాడవలెనను తలంపు మంచిదే. కాని కొండ అటవీశాఖకును, పెద్దచెరువు మరామతుశాఖకును, బంజరు రెవెన్యూకును పోయినవి. వాన మాత్ర మొక్కటియే. కొండపై చెట్టు పోయిన, క్రింది చెరువు పూడును. పూడినందుకు కొండవారిని అడుగువారు లేరు. చిత్రావతికి రాజ్యముల సరిహద్దు నిజముగనే కలదు. అది కన్నడసీమలో పుట్టి మనవైపునకు వచ్చునది గనుక, 1892లో మైసూరు, మద్రాసు ప్రభుత్వములు చేసికొన్న ఒడంబడికలో దాని పేరును చేర్చిరి. నదికి ఒడంబడిక దొరకినది. కొండకును చెరువునకును నడుమ మాత్రము ఏ ఒడంబడికయు లేదు.

అట్టి ఒడంబడికను ఊరివారే చేసికొన్న చోటొకటి మన సీమలోనే యున్నది. ముదిగుబ్బకు పడమరగా ధర్మవరము దాటినచో చెన్నేకొత్తపల్లి ప్రాంతము వచ్చును. అచట 1990లో టింబక్టు కలెక్టివ్ ఏర్పడెను. దాని తోడ్పాటుతో ముష్టికోవెల మొదలగు గ్రామములవారు బోడికొండలను కావలి కాయసాగిరి. నిప్పు పడకుండ చూచిరి, విత్తనములు చల్లిరి, పశువుల మేపునకు కట్టుబాట్లు చేసికొనిరి. నాటిన మొక్కలకంటె పాతవేళ్లనుండి తమంతట లేచిన చెట్లే హెచ్చు. బోదగడ్డి పెరిగెను, వాగుల వెంబడి ఈతచెట్లు లేచెను. ఏడువేల ఎకరములకు పైబడిన ఆ మేరకు కల్పవల్లి యని పేరు పెట్టుకొనిరి. పశువులకు మేతయు, క్రింది చెరువులకు నీరును ఆ కొండలనుండియే వచ్చుచున్నవి.

తరువాత గాలిమరలు వచ్చినవి. వానికై కొండలపై వెడల్పైన బాటలు త్రవ్విరి. త్రవ్విన మన్ను వాగులలోనికి దిగెను. వ్యవహారము హరిత న్యాయస్థానము వఱకు పోయెను. గ్రామస్థులు ఇన్నేండ్లు కాచిన అడవిని ఎట్లు ఇచ్చిరని అడుగగా, దస్తరములో అడవి యన్న మాటయే లేకపోయెను. ఆ నేల అందు బంజరు.