సోవియట్ నేలమీద జాజ్

సోవియట్ ప్రభుత్వం జాజ్‌ని అణచివేసిందనీ, అమెరికా రేడియో దానికి ప్రాణం పోసిందనీ చాలాచోట్ల చదువుతుంటాం. అది సగం నిజమే. ఆ సంగీతానికి అక్కడ ఎప్పుడు ఆదరణ దొరికిందో, ఎప్పుడు వేటు పడిందో వరసగా చూస్తే, పాలకుల కోపానికి కారణం స్వరాల్లో కన్నా అమెరికాతో ఉన్న సంబంధాల్లోనే ఎక్కువ కనిపిస్తుంది. వలెంతీన్ పర్నాఖ్ మాస్కోలో తొలి జాజ్ కచేరీ చేసింది 1922 అక్టోబరు 1న. 1934లో లియొనీద్ ఉత్యోసొవ్ జాజ్ బృందాన్ని దేశమంతటికీ చేర్చిన 'వెస్యోలియె రెబ్యాతా' సర్కారు స్టూడియో తీసిన సినిమాయే. రెండో ప్రపంచయుద్ధకాలంలో అమెరికా మిత్రదేశం. జాజ్ బృందాలు సైనికుల ముందు వాయించాయి. స్నేహం చెడ్డాక కథ మారింది. బెలారుస్ ప్రభుత్వ జాజ్ ఆర్కెస్ట్రాను నడిపిన ఎడీ రోస్నర్‌ని 1946లో దేశం దాటబోతుంటే పట్టుకుని శ్రమశిబిరాలకు పంపారు. 1949లో మాస్కో వాద్యకారుల శాక్సఫోన్లు లాక్కున్నారు. 1928లోనే రచయిత గోర్కీ పార్టీ పత్రిక 'ప్రావ్దా'లో జాజ్‌ని తిట్టిపోశాడు కదా, అప్పటికి ప్రచ్ఛన్నయుద్ధం ఎక్కడిది అని అడగవచ్చు. నిజమే, సిద్ధాంతపరమైన విముఖత ముందునుంచీ ఉంది. కానీ ఆ వ్యాసం వచ్చిన ఆరేళ్లకే ఉత్యోసొవ్ సినిమా విడుదలైంది. విముఖత ఒక్కటే నిషేధానికి చాలలేదు.

ఇక రేడియో సంగతి. 1955 నుంచి వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కానొవర్ జాజ్ వినిపించిన మాట, యువ వాద్యకారులు అది విని నేర్చుకున్న మాట కాదనలేం. అయితే ఆ సంగీతం కోసం ఆకలి అంతకుముందే ఉంది. ఆసుపత్రులు పారేసిన ఎక్స్‌రే ఫిల్ములను కత్తెరతో గుండ్రంగా కోసి, నడుమ సిగరెట్‌తో కాల్చి రంధ్రం చేసి, వాటిమీద జాజ్‌తో పాటు నిషిద్ధ గీతాలెన్నో ముద్రించి చాటుగా అమ్మేవారు. వెలుతురుకి ఎత్తిపడితే ఎవరివో పక్కటెముకలు కనిపించేవి. జనం వాటిని 'ఎముకలు' అనే పిలిచారు. గరగరమంటూ పలికి త్వరగా అరిగిపోయే ఆ డిస్కుల కోసం జైలుకైనా తెగించినవాళ్లను ఏ ప్రచారవిభాగమూ పుట్టించలేదు. 1962లో అమెరికన్ క్లారినెట్ వాద్యకారుడు బెన్నీ గుడ్‌మన్ బృందం సోవియట్ దేశంలో పర్యటిస్తే, మాస్కోలో తొలి కచేరీకి సోవియట్ నేత క్రుశ్చేవ్ స్వయంగా వచ్చాడు. రెండు ప్రభుత్వాలకూ అది పరువు లెక్క. స్థానిక వాద్యకారులు మాత్రం గుడ్‌మన్ వాద్యకారులతో కలిసి వాయించారు, తమ సొంత రచనలు వాళ్ల చేతికిచ్చారు. లెనిన్‌గ్రాడ్ శాక్సఫోనిస్టు గెన్నాదీ గోల్‌స్తైన్, మరికొందరు సోవియట్ స్వరకర్తలు కట్టిన ఆ బాణీలతో, గుడ్‌మన్ బృందంలోని విక్టర్ ఫెల్డ్‌మన్ అదే ఏడాది అమెరికాలో ఒక ఆల్బం రికార్డు చేశాడు.