నేరం ట్యూబ్‌ది కాదు, తీగది

పాత మైకు అనగానే అందరం ట్యూబ్ గురించే మాట్లాడతాం. కేబుల్ ఊసెత్తం. 1960లో వచ్చిన న్యూమన్ యు 67నే తీసుకోండి. అందులోని ఈఎఫ్86 ట్యూబ్ హీటర్‌కి 6.3 వోల్టులు, 0.2 ఆంపియర్లు కావాలి. అవి పవర్ సప్లై పెట్టె నుంచి కేబుల్ గుండానే రావాలి. సన్న తీగ వేసి, రానూపోనూ 2 ఓమ్‌ల నిరోధం తగిలితే 0.4 వోల్టు దారిలోనే పోతుంది.

1966లో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ వచ్చాక సిగ్నల్ తీగలే కరెంటునీ మోశాయి. మామూలు మైకు కేబుల్ సరిపోయింది. ఆ అలవాటుతోనే పాత మైకుకీ ఏదో ఒక తీగ తగిలిస్తున్నాం. హీటర్ చాలినంత వేడెక్కక గొంతు మారితే, అరవై ఏళ్ళ అసలు ట్యూబ్‌ని పీకేస్తున్నాం. చరిత్ర పోయేది ఇలాగే. ముందు మైకు తగిలించి, ఆ చివర వోల్టేజీ కొలవండి.