ఏసీ గుంయ్‌మంటుంది, చల్లబరచదు: లో వోల్టేజీ లోపం ఎక్కడుందో తెలుసుకోవడం ఎలా?

మైలవరం: నందిగామ, జగ్గయ్యపేట, మైలవరం వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలను తాకే రోజులుంటాయి. అలాంటి రోజున రాత్రి ఎనిమిది దాటాక ఊరంతా ఒక్కసారిగా ఏసీలు వేస్తే చాలా ఇళ్లలో ఒకటే మాట: "లోపలి ఫ్యాను తిరుగుతోంది గానీ చల్లగాలి రావట్లేదు." ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో 1979 నుంచి కరెంటు తయారవుతోంది. అది మైలవరానికి దగ్గరే. అయినా ఇంట్లో వోల్టేజీ పడిపోవడానికి కారణం ఎక్కువగా చివరి కొన్ని వందల మీటర్లలోనే ఉంటుంది. ఊళ్లోని ట్రాన్స్‌ఫార్మర్, స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు, ఇంటి వైరింగు, ఈ మూడింటిలో తప్పు ఎక్కడుందో తేలకుండా కంప్రెసర్ మార్చినా, స్టెబిలైజర్ కొన్నా డబ్బు దండగే.

లో వోల్టేజీలో ఏం జరుగుతుంది?

మామూలు ఏసీలో కంప్రెసర్ మోటారు బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజీ 230 నుంచి 180కి పడితే తగ్గింది 22 శాతమే. మోటారు తిరిగే బలం మాత్రం దాదాపు 40 శాతం తగ్గిపోతుంది. దాంతో కంప్రెసర్ తిరగలేక గుంయ్‌మని మోగుతుంది, ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. కొన్ని సెకన్లలో ఓవర్‌లోడ్ రక్షణ దాన్ని ఆపేస్తుంది. చల్లారాక మళ్లీ ప్రయత్నిస్తుంది. ఇలా పదే పదే జరిగితే లోపలి చుట్ట కాలిపోతుంది. ఇన్వర్టర్ ఏసీ అయితే సాధారణంగా ముందే ఆగిపోయి ఎర్రర్ కోడ్ చూపిస్తుంది.

కంప్రెసర్ ఆగకుండా నడుస్తున్నా చల్లదనం లేకపోతే అది వేరే సంగతి. ముందు ఫిల్టర్ దుమ్ము, తర్వాత గ్యాసు చూపించుకోవాలి.

రెండు చోట్ల కొలత

వోల్టేజీని మీటరు బోర్డు దగ్గర ఒకసారి, ఏసీ ప్లగ్గు దగ్గర ఒకసారి చూడాలి. రెండు చోట్లా ఏసీ ఆపి, తర్వాత ఏసీ వేసి కొలవాలి. ఈ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి. సమస్య వచ్చేది రాత్రిపూట గనుక పగలు కొలిస్తే ఉపయోగం లేదు.

1. ఏసీ ఆపి ఉన్నా మీటరు దగ్గరే వోల్టేజీ తక్కువగా ఉంటే తప్పు బయటి లైనుదే.

2. మీటరు దగ్గర సరిగానే ఉండి, ఏసీ వేయగానే ప్లగ్గు దగ్గర మాత్రం బాగా పడిపోతే తప్పు ఇంటి వైరింగుదే.

3. రెండు చోట్లా బాగానే ఉన్నా కంప్రెసర్ గుంయ్‌మంటుంటే కెపాసిటర్ బలహీనపడి ఉండొచ్చు. కంప్రెసర్ మార్చే మాటకు ముందు కెపాసిటర్ చూపించాలి. కరెంటు తీసేసినా అందులో ఛార్జ్ నిలిచి ఉంటుంది కాబట్టి సొంతంగా ముట్టుకోకూడదు.

సన్న వైరు చేసే నష్టం

1.5 టన్నుల మామూలు ఏసీ నడిచేటప్పుడు సుమారు 8 ఆంపియర్లు తీసుకుంటుంది. మొదలయ్యే క్షణంలో 40 దాకా లాగొచ్చు. బోర్డు నుంచి 30 మీటర్ల దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే ఆ క్షణంలో 29 వోల్టులు దారిలోనే పోతాయి. 4 చదరపు మిల్లీమీటర్ల వైరైతే పోయేది 11 వోల్టులే. అందుకే ఏసీకి బోర్డు నుంచి విడిగా లావు వైరు, విడిగా ఎంసీబీ ఉండాలి. వదులైన జాయింటు, నల్లబడిన ప్లగ్గు కనిపిస్తే వెంటనే మార్చాలి. అక్కడి నుంచే మంటలు మొదలవుతాయి.

ట్రాన్స్‌ఫార్మర్ లెక్క

25 కేవీఏ త్రీఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కో ఫేజుకు ఇవ్వగలిగేది సుమారు 33 ఆంపియర్లు. ఒకే ఫేజు మీద నాలుగు ఏసీలు నడిస్తే 32 అక్కడే అయిపోతాయి. స్టెబిలైజర్ ఇంట్లో వోల్టేజీ పెంచుతుంది గానీ, దానికోసం లైను నుంచి ఇంకా ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. వీధిలో అందరూ పెడితే లైను మరింత కుంగుతుంది. అది తాత్కాలిక ఊరటే.

అసలు మార్గం మంజూరైన లోడు సరిచేయించుకోవడం. బిల్లులో ఒక కిలోవాటు అని ఉండి ఇంట్లో ఏసీ నడుస్తుంటే, ఆ వీధికి ఎంత కరెంటు కావాలో విద్యుత్ సంస్థ కాగితాల్లో కనిపించదు. అదనపు లోడుకు దరఖాస్తు చేస్తేనే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ అడగడానికి బలం ఉంటుంది.

ఫిర్యాదు ఎక్కడ?

ఈ ప్రాంతం ఏపీసీపీడీసీఎల్ పరిధిలోది. 1912కు ఫోన్ చేసి, కొలిచిన వోల్టేజీ, సమయం చెప్పి, ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. ఒక్క ఇల్లు కాకుండా వీధంతా చేస్తే మంచిది. పరిష్కారం దొరక్కపోతే 2003 విద్యుత్ చట్టం కింద ఏర్పాటైన వినియోగదారుల ఫిర్యాదుల వేదికకు, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు.

ఒక్క విషయంలో ఆలస్యం పనికిరాదు. ఇంట్లో లైట్లు కొన్ని మసకబారి, కొన్ని మరీ వెలిగిపోతున్నా, పక్కింట్లో అలా జరుగుతున్నా న్యూట్రల్ తెగి ఉండే ప్రమాదముంది. అలాంటప్పుడు వోల్టేజీ 300 కూడా దాటొచ్చు. వెంటనే మెయిన్ ఆపేయాలి, 1912కు చెప్పాలి. లైన్‌మన్ వచ్చేదాకా స్తంభం జోలికి ఎవరూ పోకూడదు.