మల్లీశ్వరి, మాస్టార్లు, ఒక 137.5 కిలోల లెక్క

ఉత్తరాంధ్రలో ఆటల మాట వస్తే మనవాళ్ళు చెప్పే మొదటి పేరు కరణం మల్లీశ్వరి. "సిడ్నీలో కాంస్యం తెచ్చింది కదండీ" అంటారు, అక్కడితో సరి. నన్నడిగితే అసలు కథ ఆ పతకానికి ముందూ, తరవాతా వుంది.

మా శృంగవరపుకోట నుంచి ఆమదాలవలసకి విజయనగరం మీదుగా వెళితే పూట ప్రయాణం కూడా కాదు. ఆ పక్కనే వూసవానిపేట. 1975లో పుట్టిన మల్లీశ్వరి, రైల్వే రక్షణ దళంలో కానిస్టేబుల్ గారి అమ్మాయి. పన్నెండేళ్ళకే నీలంశెట్టి అప్పన్న మాస్టారి దగ్గర బరువులెత్తడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళకి వెయిట్‌లిఫ్టింగ్‌లో ప్రపంచ పోటీలు మొదలైందే 1987లో. అంటే ఆట వయసూ, ఈ అమ్మాయి సాధన వయసూ దాదాపు ఒకటే అన్నమాట! మన వైపు బలానికి గౌరవం కొత్త కాదు లెండి. సర్కస్ పెట్టకముందు కోడి రామ్మూర్తి నాయుడు కూడా విజయనగరంలో వ్యాయామం నేర్పిన మాస్టారే. కానీ ఆడపిల్లని వ్యాయామశాలకి పంపడం వేరే సంగతి.

అక్క కృష్ణకుమారి జాతీయ శిబిరానికి వెళుతుంటే చెల్లెలు తోడు వెళ్ళింది. 1990లో అక్కడ ఈ అమ్మాయిని గమనించిన కోచ్ లియోనిద్ తరనెంకో. ఈయన సామాన్యుడు కాదు. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో స్వర్ణం, 1988లో క్లీన్ అండ్ జెర్క్‌లో 266 కిలోలు. ఆట ఆడినవాడు కోచ్ అయితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. మూడేళ్ళు తిరిగేసరికి, 1993లో ప్రపంచ పోటీల్లో కాంస్యం. 1994, 1995లో 54 కిలోల విభాగంలో వరసగా ప్రపంచ విజేత. 1996లో మళ్ళీ కాంస్యం.

చిక్కల్లా ఏమిటంటే, ఆవిడ శిఖరం మీద వున్న రోజుల్లో ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి ఈ ఆటే లేదు. 1996 అట్లాంటాలో ఆడే వీలే లేకపోయింది. 2000లో తలుపు తెరిచేసరికి వయసు పాతికేళ్ళు, పెళ్ళయ్యింది, విభాగం 69 కిలోలకి మారింది. "అదృష్టం కొద్దీ వచ్చింది" అనేవాళ్ళు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

ఇక ఆ లెక్క. 2000 సెప్టెంబరు 19. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240. చైనా లిన్ వైనింగ్, హంగేరీ మార్కుష్ ఇద్దరూ 242.5 దగ్గర ఆగారు. శరీర బరువు తక్కువ కాబట్టి స్వర్ణం లిన్‌కి. మల్లీశ్వరికి చివరి ప్రయత్నం మిగిలింది. 135 ఎత్తితే 245 అవుతుంది, చివరికి నిలిచిన అంకెల ప్రకారం అది చాలు. బార్ మీద పెట్టింది 137.5. అది నిలవలేదు.

ఇలాంటి పోటీలో కోచ్ పని వ్యాయామం చేయించడంతో అయిపోదు. ఎదుటివాళ్ళ అంకెలు చూసి తరవాతి బరువు ఎంతో తేల్చుకోవడం కూడా అందులో భాగమే, అదీ నిమిషాల్లో. రెండున్నర కిలోల తేడా. భారతదేశంలో ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి మహిళ తన జీవితమంతా ఈ ప్రశ్న వింటూనే వుండి వుంటుంది.

2004 ఏథెన్స్‌లో వెన్నునొప్పితో ఆట ముగిసింది. తరవాత ఆవిడ నేర్పే వైపుకి వచ్చింది. అకాడమీ పెట్టింది, కానీ అత్తవారి వూరైన హర్యానాలోని యమునానగర్‌లో. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి మొదటి ఉపకులపతి అయ్యింది. హర్యానా పిల్లలకి దొరికిన గురువు మన పిల్లలకి ఎందుకు దొరకలేదు? పెళ్ళి ఒక కారణమే. కానీ విజేతలకి స్థలాలూ, నజరానాలూ ప్రకటించి ఫోటోలు దిగడంతో ఆగితే రేపటి పిల్లలకి మాస్టారు దొరకరు. బార్లూ, ప్లేట్లూ, నెలనెలా జీతం అందే కోచ్ - ఇవి కావాలి.

అలాగని ఇక్కడ ఏమీ మిగల్లేదని కాదు. విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అనే వూరుంది. ఆ వూరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది. మొదటి స్థానంలో వున్న నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికాక అది రజతం అయ్యింది.