సాక్ష్య వారము: దోర్నకల్ కూలివారి సువార్త యాత్ర

ఈనాడు బాలాపూర్ వంటి నగర శివారు సంఘముల యువజనులు సెలవులలో వారం రోజులు సువార్త యాత్రకు వెళ్లుట కొత్త సంగతి అనుకొంటాము. దోర్నకల్ అధ్యక్ష ఖండములో అది తాతల నాటి అలవాటు.

తిరునల్వేలి క్రైస్తవులు 1903లో స్థాపించిన ఇండియన్ మిషనరీ సొసైటీ పక్షాన వి. యస్. అజరయ్యగారు 1909లో దోర్నకల్ వచ్చారు. మాతృభాష తమిళము, తెలుగు నేర్చుకొన్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. ఎడ్లబండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగారు. ఒక్కరు ఎంతని తిరుగగలరు? బాప్తిస్మము పొందిన ప్రతివారూ సాక్షియేనని ఆయన బోధ. తలమీద చేయి పెట్టుకొని, సువార్త చెప్పక తప్పదను పౌలు మాటను వారిచేత పలికించేవారు.

1930లలో సాక్ష్య వారములలో పొరుగూళ్లకు వెళ్లినవారిలో అధికులు మాల, మాదిగ పల్లెల కూలి జనమే. స్త్రీలూ వెళ్లారు. అక్షరము రాని నోట పాటలే ప్రసంగములు. తాగుడు మానిన పాలేరును చూచి కాపులు కొందరు సంఘములో చేరారు.

హరిజనుల మతాంతరమును గాంధీగారు గట్టిగా ఆక్షేపించిన కాలమది. వివేచన లేనివారిని మిషనరీలు మార్చుచున్నారని వాదన. ఆ వాదనలో ఈ కూలివారి మాట ఎవరూ అడగలేదు; వారు మాత్రము ఊరూరా చెప్పుచునే ఉన్నారు.