తియ్యని నీరు, మంచి నీరు

కొత్త ఊరిలో కాపురం పెట్టిన ఇల్లాలు అక్కడి నీటిని పరీక్షించడానికి ఏ ప్రయోగశాలకూ పోదు. గుప్పెడు కందిపప్పు పొయ్యిమీద పెట్టి చూస్తుంది. పప్పు మెత్తగా ఉడికితే మంచినీరు. గంటసేపు మరిగినా పలుకుపలుకుగా మిగిలితే ఉప్పునీరు. సబ్బు నురుగు రాకపోయినా, నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టినా ఆమెకు ఆ నీటి స్వభావం తెలిసిపోతుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల నీటి చరిత్రను తెలుసుకోవాలంటే ఈ పరీక్షనుండే ప్రారంభించడం మంచిది.

ఆకాశంనుండి పడే వాన నీరు మృదువైనది. అది నేలలోనికి ఇంకి, రాళ్ళ నడుమ నిలిచి, సున్నపు, మెగ్నీషియపు లవణాలను కరిగించుకొని కఠిన జలం అవుతుంది. ఆ కాఠిన్యంలో కొంత మరగబెడితే పోతుంది. కొంత మరగబెట్టినా పోదు. స్కాట్లండు దేశంలోని అబర్డీనులో రసాయనశాస్త్రం బోధించిన థామస్ క్లార్క్ 1841లో సున్నం కలిపి నీటిని మెత్తబరచే పద్ధతికి పేటెంటు పొందాడు. సబ్బు ద్రావణంతో నీటి కాఠిన్యాన్ని కొలిచే పద్ధతి కూడా ఆయనదే. మన ఇల్లాలు చూచే నురుగుకు ఆయన లెక్క కట్టాడు.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల సీమను నడిగడ్డ అంటారు. ఇరుప్రక్కలా మహానదులు పారుతున్నా, ఏటికి దూరంగా ఉన్న పల్లెకు దిక్కు బావియే, చెరువే. సంస్థానాల కాలంలో ఈ సీమలో గొప్ప చెరువులు వెలిశాయి. వనపర్తి సంస్థానపు శ్రీరంగాపురంలో ఆలయం చెంత రంగసముద్రం ఉన్నది. నాగర్‌కర్నూలులో కేసరిసముద్రం ఉన్నది. పేరుకు సముద్రాలే కాని, వాటిలో నిలిచేది వాన నీరు. రాళ్ళలో ఎక్కువకాలం మెలగని నీరు కావున అది లోతు బావి నీటికంటె మెత్తగా ఉండేది. పప్పుకు, చాకిరేవుకు, పట్టునూలులోని బంకను సబ్బునీట ఉడికించి తీసే పనికి అటువంటి నీరే అనుకూలం.

అయితే తియ్యదనం వేరు, శుద్ధి వేరు. మెట్లు దిగి కాళ్ళు తడుపుకొంటూ కడవ ముంచుకొనే దిగుడుబావుల నీటి ద్వారానే నారికురుపు వ్యాపించేది. ఆ వ్యాధి పీడించిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. భారతదేశంలో దాని చివరి కేసు 1996లో నమోదయినది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం ఆ వ్యాధినుండి విముక్తమయినదని ధ్రువీకరించినది. ఎంత రుచిచూచినా నాలుకకు ఆ పురుగు జాడ తెలియలేదు.

దిగుడుబావి దోషానికి బోరుబావి ఒక సమాధానంగా వచ్చినది. 1960ల చివరి కరవు సంవత్సరాలలో ఐక్యరాజ్యసమితి బాలల నిధి సహాయంతో గట్టి రాతిని తొలిచే యంత్రాలు మన దేశానికి వచ్చాయి. తరువాత పల్లెపల్లెకూ చేతిపంపు చేరినది. క్రిముల భయం తగ్గినది. కాని గ్రానైటు పగుళ్ళలో ఏండ్ల తరబడి నిలిచిన నీరు పైకి వచ్చినది. కొన్నిచోట్ల అది కఠినమైనది. మరికొన్నిచోట్ల దానిలో ఫ్లోరైడు చేరినది.

ఇక్కడ గమనించదగిన విశేషం ఒకటి ఉన్నది. నీటిలో సున్నపు అంశం ఎక్కువగా ఉంటే ఫ్లోరైడు అంతగా కరగదు. సున్నపు అంశం తగ్గి, సోడా అంశం పెరిగిన నీటిలోనే అది ఎక్కువగా నిలుస్తుంది. అనగా పప్పు చక్కగా ఉడికి, సబ్బు బాగుగా నురుగు కట్టిన నీరే ఒక్కొక్కచోట పిల్లల పళ్ళకు గోధుమరంగు చారలను, పెద్దల ఎముకలకు వంకరలను తెచ్చిపెట్టవచ్చును. 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో వైద్యులు ఈ వ్యాధిని గుర్తించారు. తరువాత నల్లగొండ పేరు దీనితో ముడిపడినది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి నల్లగొండ పద్ధతి అనే పేరు వచ్చినది. మరగబెడితే ఫ్లోరైడు పోదు. నీరు ఇంకినకొద్దీ మరింత చిక్కబడుతుంది.

భారత ప్రమాణాల ప్రకారం త్రాగునీటిలో లీటరుకు కాఠిన్యం 200 మిల్లీగ్రాములు, ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించకుండుట మంచిది. వేరు ఆధారం లేనిచోట కాఠిన్యాన్ని 600 వరకు, ఫ్లోరైడును 1.5 వరకు అనుమతిస్తారు. మొదటిదానిని వంటింట పసికట్టవచ్చును. రెండవదానికి పరీక్ష తప్పదు.

2016లో మిషన్ భగీరథ ప్రారంభమయిన తరువాత కృష్ణ నీరు ఈ సీమలోని ఇండ్లకు కుళాయిల ద్వారా రాసాగినది. గద్వాల వైపుకు జూరాల జలాశయం, నాగర్‌కర్నూలు, వనపర్తి వైపులకు కొల్లాపురం సమీపాన ఎల్లూరు వద్ద శ్రీశైలం జలాశయం ప్రధానాధారాలు. పలుచోట్ల బోరు నీటితో పోల్చితే ఇది మృదువైన నీరు. దీనిని పటికతో తేర్చి, వడగట్టి, క్లోరిను కలిపి పంపుతారు.

ఆ క్లోరిను వాసన గిట్టక కుళాయి నీటిని గిన్నెలు తోముటకు వాడి, త్రాగుటకు మరల బోరును ఆశ్రయించేవారు ఉన్నారు. నాలుక మరల తీర్పరి అయినది. నిజానికి కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలి ఉండవలెనని ప్రమాణం. ఆ కొద్దిపాటి వాసన గొట్టం పొడవునా నీటికి కాపలా ఉన్నదని చెప్పే గుర్తు. మూతలేని కుండలో కొంతసేపు ఉంచితే వాసన తగ్గుతుంది. ఆ పిమ్మట మూత పెట్టుకొనవలెను.

కందిపప్పు పరీక్షను మానవలసిన పని లేదు. అది కాఠిన్యాన్ని నిజంగానే చెబుతుంది. తక్కిన సంగతులు తెలుసుకొనుటకు మాత్రం త్రాగే బోరు నీటిని ఏటా పరీక్షింపజేసి, ఆ ఫలితాన్ని ఊరివారందరికీ కనబడేటట్లు గ్రామపంచాయతీ గోడమీద వ్రాయించుకొనుట మేలు.